హైదరాబాద్‌లో ఇన్ని గ్రంథాలయాలు ఎవరెవరివి? చిక్కడపల్లి, అఫ్జల్‌గంజ్, సుల్తాన్‌బజార్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

అశోక్‌నగర్_అమ్మాయి అడిగారు:

అందరికీ నమస్కారం. నేను రెండేళ్లుగా గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. హాస్టల్ అశోక్‌నగర్‌లో, రోజంతా ఉండేది చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో. పొద్దున్నే వెళ్లి కుర్చీ పట్టుకోకపోతే ఆ రోజు చెట్టు కిందే చదువుకోవాలి. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం, మళ్లీ కుర్చీ. ఈ రెండేళ్లలో ఇంట్లోకన్నా ఎక్కువ ఆ హాల్లోనే ఉన్నాను. అయినా అది ఎవరు కట్టారో, ఎప్పటిదో, ఎవరి డబ్బుతో నడుస్తుందో నాకు తెలియదని మొన్ననే అర్థమైంది.

పోయిన ఆదివారం చదివి చదివి తల తిరిగి, ఫ్రెండ్‌తో కలిసి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లాను. ఉస్మానియా ఆసుపత్రి పక్కన పెద్ద భవనం మీద రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అని ఉంది. మా చిక్కడపల్లి కార్డు అక్కడ చెల్లుతుందా అని అడిగితే, "అది వేరే సంస్థమ్మా, ఇది వేరే" అన్నారు. అక్కడి నుంచి కోఠికి నడుచుకుంటూ వస్తే సుల్తాన్‌బజార్‌లో "శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం" కనిపించింది. 1901 నాటిదట! నిజాం రాజ్యం నడుస్తుండగా హైదరాబాద్ నడిబొడ్డున కృష్ణదేవరాయలి పేరుతో తెలుగు లైబ్రరీ ఎలా పెట్టగలిగారు?

ఇంకొకటి. కూకట్‌పల్లిలో మా మామయ్యావాళ్ల ఇంటి పన్ను రశీదులో "లైబ్రరీ సెస్" అని ఒక లైను ఉంది. ఆ డబ్బు నేను చదివే లైబ్రరీకే వస్తుందా?

ఇది సిలబస్ కోసం అడగడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

అఫ్జల్‌గంజ్_వాసి:

మా నాన్నగారు చివరిదాకా దాన్ని ఆసఫియా అనే అన్నారు, స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అని ఆయన నోట ఎప్పుడూ రాలేదు. అదే అన్నిటికన్నా పాతది. 1891లో మొదలైంది. పెట్టినాయన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, బిరుదు ఇమాదుల్ ముల్క్. నిజాం ప్రభుత్వంలో విద్యాశాఖ చూసిన పెద్దమనిషి. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ రాతప్రతులకు అది దేశంలోనే పేరున్న చోటు. మీరు చూసిన భవనం మాత్రం తర్వాతిది. 1932లో పునాది రాయి వేశారు, 1936లో లైబ్రరీ అందులోకి వచ్చింది.

నగరంలో మిగతా లైబ్రరీలన్నీ దీని కొమ్మలే అని మేం చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాం.

పాత_లైబ్రేరియన్:

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. నేను నగరంలో శాఖా గ్రంథాలయాల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైర్ అయ్యాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు పైన రాసినవారికి ఒక మాట. ఆసఫియా పాతదన్నది నిజం, తేదీలూ సరే. కానీ మిగతావన్నీ దాని కొమ్మలన్నది సరికాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను, అడిగినవాళ్లకు అలాగే చెప్పాను కూడా. ఈ నగరంలో గ్రంథాలయాలు మూడు వేర్వేరు చోట్ల పుట్టాయి. ఒకటి దర్బారులో, ఇంకొకటి తెలుగువాళ్ల ఇళ్లలో, మూడోది చట్టంలో. మీరు ఒక్క ఆదివారం కాలినడకన మొదటి రెంటినీ చూశారు. మూడోదాంట్లో రోజూ కూర్చుంటున్నారు.

ఆసఫియా ప్రభుత్వం పెట్టింది, ప్రభుత్వమే పోషించింది. మొదట్లో అది ఆబిడ్స్ వైపు ఉండేది. 1908లో మూసీ వరద వచ్చి నది ఒడ్డంతా ఊడ్చుకుపోయాక, ఆ ఒడ్డునే నగరాన్ని మళ్లీ కట్టుకుంటూ వచ్చారు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఆ వరసలోవే. గ్రంథాలయ భవనం వాటి తర్వాత, ఏడో నిజాం పాలనకు పాతికేళ్లు నిండే వేళకు లేచింది. ఎప్పుడైనా లోపలికి వెళ్లి హాలు మధ్యలో నిలబడి తల పైకెత్తి చూడండి. చదువుకునేవాడికి ఇంత ఎత్తు కప్పు కావాలని ఎవరో అనుకున్నారు కదా అని నాకు ఇప్పటికీ కృతజ్ఞతగా ఉంటుంది. అక్కడి రాతప్రతులను తర్వాతి కాలంలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి తరలించారు. వాటికోసం అఫ్జల్‌గంజ్ వెళ్లి వెనక్కి తిరిగొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అందుకే చెబుతున్నాను.

ఇక మీరు ఆశ్చర్యపోయిన సుల్తాన్‌బజార్ సంగతి. నాకు ప్రాణమైన కథ ఇది.

ఆ రోజుల్లో హైదరాబాద్ రాజ్యంలో సుమారు సగం మంది తెలుగువాళ్లు. కచేరీ భాష మాత్రం ఉర్దూ. అంతకుముందు ఫార్సీ. పిల్లవాడు పైకి రావాలంటే ఉర్దూ రావాలి. పట్నంలో పెద్ద ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడటమే నామోషీగా అనుకునేవారు. ఇక్కడి మరాఠీవాళ్లకు మాత్రం అప్పటికే సొంత గ్రంథాలయం ఉంది. శాలిబండలో భారత్ గుణవర్ధక్ సంస్థ 1895లో పెట్టుకున్నారు. తెలుగువాళ్లకు అలాంటిది ఒక్కటీ లేదు.

ఆ లోటు గట్టిగా తెలిసినవాడు కొమర్రాజు లక్ష్మణరావు. ఆయన నాగపూర్‌లో చదివాడు, మరాఠీలో బాగా రాసేవాడు. మరాఠీ సమాజం పుస్తకాలతో, సంఘాలతో ఎలా లేచిందో దగ్గరగా చూశాడు. అప్పటికి మునగాల రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివాను. మునగాల చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా, ఆ పరగణా మాత్రం కృష్ణా జిల్లా కింద, ఇంగ్లీషువాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో లెక్క. అటు బెజవాడ గాలి, ఇటు పట్నం గాలి రెండూ తగిలే చోటు. పట్నంలో ఆయనకు తోడు రావిచెట్టు రంగారావు. ఇద్దరూ 1877లో పుట్టినవాళ్లే. 1901 సెప్టెంబర్ 1న రంగారావు గారి ఇంట్లోనే భాషా నిలయం మొదలైంది. పాల్వంచ రాజా పార్థసారథి అప్పారావు ఆ సభకు అధ్యక్షుడు. పాతికేళ్లైనా నిండని ఇద్దరు కుర్రవాళ్లు, వెనక ఇద్దరు జమీందార్లు.

నిజాం రాజ్యంలో ఎలా పెట్టగలిగారని అడిగారు. నాకు అర్థమైనంతలో చెబుతాను. వాళ్లు రాజకీయ సంఘం పెట్టలేదు, భాష కోసం పుస్తకాల ఇల్లు పెట్టారు. చోటు కూడా చూడండి. అప్పటి రెసిడెన్సీ బజార్లే నేటి కోఠి, సుల్తాన్‌బజార్. ఇంగ్లీషు రెసిడెంటు బంగళా చుట్టూ ఉన్న ఆ బజార్లలో నిజాం పోలీసుల చెయ్యి అంతగా సాగేది కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంటు సంగతీ అంతే. అక్కడ 1905లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చింది. అంతకుముందే, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది. పేర్లు గమనించారా? కృష్ణదేవరాయలు, రాజరాజనరేంద్రుడు. మా భాషకూ రాజులు పీట వేశారు అని గట్టిగా అనలేని రోజుల్లో ఆ మాటను గుమ్మం మీద రాసుకున్నారు.

రంగారావు 1910లోనే పోయాడు. ముప్ఫై మూడేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత నిలయం అద్దె ఇళ్ల పాలు కాకుండా సొంత గూడు కోసం డబ్బు ఇచ్చింది ఆయన భార్య లక్ష్మీనరసమ్మ. ఆమె పేరు ఎవరూ పెద్దగా తలచుకోరు. మీరు ఈసారి వెళ్లినప్పుడు తలచుకోండి. ఇప్పటి భవనం 1921 నాటిది.

ఆ 1921 చాలా ముఖ్యమైన సంవత్సరం. నవంబర్‌లో వివేకవర్ధినీ థియేటర్‌లో సంఘ సంస్కార సభ జరిగింది. భాషా నిలయానికి నడిచి వెళ్లేంత దూరం. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినప్పుడు విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే అల్లరి చేసి కూర్చోబెట్టింది. తెలుగువాళ్లు కొద్దిమంది ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. సంఘం చేయాలనుకున్న పనుల్లో ముందు వరసలో ఉన్నది గ్రంథాలయాలు, పాఠశాలలు పెట్టడం. మాడపాటి హనుమంతరావు ఊరూరా ఉత్తరాలు రాసి, మనుషుల్ని పంపి పెట్టించారు. సభ జరపాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలని గస్తీ నిశాన్ 53 అనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చిన కాలం అది. ఊళ్లో పఠన మందిరం తెరవడమంటే అధికారి కంట్లో పడటమే. అయినా తెరిచారు. రెడ్డి హాస్టల్ గ్రంథాలయాన్ని సురవరం ప్రతాపరెడ్డి పెంచింది కూడా ఆ తరంలోనే.

మా పాత సూపర్నెంటు గారొకరు అనేవారు, "పత్రిక కొనలేని ఊళ్లో పత్రిక చదివి వినిపించేవాడే లైబ్రేరియన్" అని. ఆ కాలం గురించి ఇంతకన్నా బాగా చెప్పిన మాట నేను వినలేదు.

మూడోది చట్టం. మద్రాసు రాష్ట్రంలో 1948లోనే గ్రంథాలయ చట్టం వచ్చింది, స్వతంత్ర భారతంలో అదే మొదటిది. హైదరాబాద్ రాష్ట్రం 1955లో తన చట్టం చేసుకుంది. అప్పటి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. ఆంధ్ర జనసంఘంలో మొదటి నుంచీ ఉన్న మనిషి. వివేకవర్ధినిలో అవమానం జరిగిన ముప్ఫై నాలుగేళ్లకు, ఆ సంఘం మనిషే ముఖ్యమంత్రిగా ఉండగా గ్రంథాలయాలు చట్టం కిందికి వచ్చాయి. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆసఫియా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అయింది కూడా ఆ రోజుల్లోనే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రెండు ప్రాంతాల రెండు చట్టాలను కలిపి 1960లో ఒకే చట్టం చేశారు. జిల్లాకో జిల్లా గ్రంథాలయ సంస్థ, హైదరాబాద్‌కు విడిగా నగర గ్రంథాలయ సంస్థ దాని ప్రకారమే నడుస్తున్నాయి. మీ చిక్కడపల్లి ఆ నగర సంస్థకు కేంద్ర గ్రంథాలయం. నగరంలోని శాఖలు దాని కొమ్మలు. అఫ్జల్‌గంజ్‌ది నేరుగా రాష్ట్ర ప్రభుత్వానిది. సుల్తాన్‌బజార్‌ది ఇప్పటికీ ఒక సంఘానిది. అందుకే మీ కార్డు చెల్లలేదు.

పన్ను సంగతి విడిగా రాస్తాను. మనవడు బడి నుంచి వచ్చే వేళయింది.

కాలువగట్టు:

పాత లైబ్రేరియన్ గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాను. మీరు "బెజవాడ గాలి" అన్నారు కాబట్టి అటువైపు నుంచి నాలుగు మాటలు.

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షులు. దాని వెనక పరుగులు పెట్టింది అయ్యంకి వెంకటరమణయ్య, అప్పటికి ఆయనకు పాతికేళ్లు లేవు. ఇక్కడా కుర్రవాళ్లే చూడండి! గ్రంథాలయాలన్నిటికీ కలిపి ఒక సంఘం పెట్టుకోవడం ఆ సభలోనే జరిగింది. ఆ తర్వాత ఆయన నడిపిన గ్రంథాలయ సర్వస్వం పత్రిక ఊళ్లలో పఠన మందిరాలు పెట్టుకునేవాళ్లకు దారి చూపింది.

మా తాతయ్య చెప్పిన సంగతి ఒకటుంది. పుస్తకాల్లో కూడా చూశాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య తిరిగే పడవ. అప్పట్లో మావైపు ప్రయాణమంటే పడవే కదా, మనుషులు దాన్ని తాడుకట్టి లాగేవాళ్లు, గంటల తరబడి కూర్చోవాలి. ఆ కూర్చునే సమయాన్ని చదువుకు వాడుకోమన్నారు. చదువు రానివాళ్లకు పక్కవాళ్లు చదివి వినిపించేవాళ్లు. మా తాతయ్యకు అప్పుడు పన్నెండేళ్లు. పొగాకు బేరానికి వెళ్లే వాళ్ల నాన్న పక్కన కూర్చుని మొదటిసారి పత్రిక చూసింది ఆ పడవలోనేనట. దిగాల్సిన లాకు దాటిపోయినా దిగలేదని మా ముత్తాత ఆయన్ను తిట్టాడట కూడా.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, ప్రభుత్వం చట్టం చేసేనాటికి జనం అప్పటికే ఆ పని ముప్ఫై, నలభై ఏళ్లుగా చేస్తున్నారు. మద్రాసు చట్టం 1948లో అంత ముందుగా వచ్చిందంటే గ్రంథాలయ శాస్త్రానికి పేరుపడ్డ ఎస్.ఆర్. రంగనాథన్ గారి పట్టుదలతో పాటు ఈ ఊళ్ల ఒత్తిడి కూడా కారణమని నేను నమ్ముతాను. చట్టం వచ్చాక మావైపు చాలా ఊళ్లలో సొంతంగా నడిచే గ్రంథాలయాలను సంస్థలకు అప్పగించేశారు. మంచే జరిగింది, జీతాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. కానీ "ఇది మనది" అని సాయంత్రం దీపం పెట్టే మనుషులు తగ్గారని మా తాతయ్య బాధపడేవారు. సుల్తాన్‌బజార్‌ది ఇంకా సంఘం చేతిలోనే ఉందని విని ఆయన కోసం సంతోషించాను.

అశోక్‌నగర్_అమ్మాయి:

సార్, రెండుసార్లు చదివాను. నిజం చెప్పాలంటే ఆంధ్ర జనసంఘం, వివేకవర్ధిని, 1921 నేను నోట్స్‌లో ఎన్నోసార్లు రాసుకున్నవే. బిట్ ప్రశ్నగా కూడా చేశాను. కానీ అది నేను నడిచిన వీధిలోనే జరిగిందని ఇప్పటిదాకా తోచలేదు.

కాలువగట్టు గారూ, పడవ సంగతి మా హాస్టల్‌లో అందరికీ చదివి వినిపించాను.

సార్, సెస్ గురించి చెప్తానన్నారు. ఇంకో విషయం కూడా అడగాలి. మా హాల్లో వందల మందిమి మా సొంత పుస్తకాలు, మెటీరియల్ తెచ్చుకుని చదువుతాం. లైబ్రరీ పుస్తకాలు తీసేవాళ్లు చాలా తక్కువ. "వీళ్లు లైబ్రరీని స్టడీ హాల్ చేసేశారు" అని ఒక పెద్దాయన మా ముందే అన్నారు. చాలా బాధ కలిగింది. మేం చేస్తున్నది తప్పా?

పాత_లైబ్రేరియన్:

తప్పు కాదమ్మా. ఆ మాట ముందు చెప్పి, తర్వాత లెక్కలోకి వస్తాను.

నన్ను మొదట వేసింది పాతబస్తీలో ఒక అద్దె ఇంటి ముందు గదికి. నాలుగు బీరువాలు, రెండు బల్లలు. రెండు బీరువాలు తెలుగు, ఒకటి ఉర్దూ, ఒకటి ఇంగ్లీషూ హిందీ కలిపి. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. తలుపు తీసేసరికి ఆటోవాళ్లు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉండేవాళ్లు, సియాసత్ ఒకరికి, ఈనాడు ఒకరికి. పేపరు నాలుగు ముక్కలై నాలుగు చేతుల్లో ఉండేది. అందులో ఏ ఒక్కరూ బీరువా వైపు చూసేవాళ్లు కాదు. మొదటి ఏడాది నేనూ మీకు కనిపించిన పెద్దాయనలాగే చిరాకు పడ్డాను. తర్వాత తెలిసింది. ఇంట్లో ఒక్క గదిలో ఏడుగురు ఉండేవాళ్లకు, గంటసేపు ఎవరూ లేవమనని బల్ల దొరకడం చిన్న విషయం కాదు. పదో తరగతి పిల్లలు సాయంత్రం తమ పుస్తకాలు తెచ్చుకుని ఆ బల్ల మీదే చదివేవాళ్లు. వాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు ప్రభుత్వ నర్సు. కుర్చీ, వెలుగు, నిశ్శబ్దం ఇవ్వడం కూడా మా ఉద్యోగమే.

ఆ గదికి ఒకసారి పెద్ద వానలో కప్పు కారింది. పుస్తకాలు చాలావరకు తడిశాయి. ఇంటాయన బాగుచేయించడు, పైనుంచి డబ్బు రాదు. నేనూ అటెండరూ కలిసి ముందు పైకి తీసి పెట్టుకున్నది యాక్సెషన్ రిజిస్టర్. వచ్చిన ప్రతి పుస్తకానికీ వరస నెంబరు వేసి రాసే పెద్ద బౌండు పుస్తకం అది. పుస్తకం తడిస్తే ఆరబెట్టుకోవచ్చు, పోతే మళ్లీ కొనవచ్చు. ఆ రిజిస్టర్ పోతే అసలు మన దగ్గర ఏముండేదో చెప్పేవాడు ఉండడు. ఆ తర్వాత వారం రోజులు తడిసిన పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి, ఆ ఆటోవాళ్లే సాయం పట్టి, ఎదురింటి డాబా మీద ఆరబెట్టాం. ఎవరూ పిలవకుండానే వచ్చారు.

ఇప్పుడు సెస్. చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్. అంటే ఆస్తి పన్ను 5,000 అయితే 400 రూపాయలు. దాన్ని గ్రంథాలయ సంస్థ నేరుగా వసూలు చేయదు, చేసే అధికారం లేదు. మున్సిపాలిటీలు, పంచాయతీలు ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసి సంస్థకు అప్పగించాలి. మొత్తం వ్యవస్థలో బలహీనమైన ముడి అక్కడుంది. వసూలు చేసే చెయ్యి వేరు, ఖర్చుపెట్టే చెయ్యి వేరు. మధ్యలో డబ్బు ఆగితే ముందు ఆగేది కొత్త పుస్తకాల కొనుగోలు, తర్వాత పత్రికల బిల్లు, ఆ తర్వాత అద్దె. నేను పనిచేసిన ఒక శాఖలో వరసగా కొన్ని నెలలు పేపరు బిల్లు కట్టలేక, ఏజెంటును బతిమాలి వేయించుకున్న రోజులు ఉన్నాయి. ఆయన పెద్ద మనసుతో వేశాడు.

మీ మామయ్యగారి డబ్బు మీ చిక్కడపల్లికి వస్తుందా అన్నారు. పన్ను కట్టేది నగరపాలక సంస్థకే అయినా, గ్రంథాలయ సంస్థలు జిల్లాలను బట్టి నడుస్తాయి. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడ్డాక కూకట్‌పల్లి, ఎల్.బి.నగర్ లాంటివి ఆ జిల్లా సంస్థ కిందికి వెళ్లాయి. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి నగరం పెద్దదైంది, 2016లో జిల్లాలు మళ్లీ మారాయి. ఇప్పుడు కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. కాబట్టి ఆ లైను న్యాయంగా ఆ జిల్లా గ్రంథాలయాలకు చెందాలి. నగరం ఒకలా పెరిగింది, సంస్థల హద్దులు ఇంకోలా ఉన్నాయి. కొత్తగా ఇళ్లు లేచిన చోట అపార్ట్‌మెంట్లు వందల్లో, శాఖా గ్రంథాలయాలు వేళ్ల మీద. పన్ను అక్కడ ఎక్కువ పుడుతుంది, చదువుకునే కుర్చీ కోసం పిల్లలు మాత్రం బస్సెక్కి చిక్కడపల్లి వస్తారు. మీ హాలు అందుకే కిక్కిరిసి ఉంటుంది, మీ తప్పేమీ లేదు.

మీ మామయ్యగారికి ఒకమాట చెప్పండి. రశీదు చేతిలో పట్టుకుని, తమ వార్డుకు శాఖా గ్రంథాలయం కావాలని రాతపూర్వకంగా అడగమనండి. నేను సర్వీసులో ఉండగా మా శాఖను ఒకసారి ఎత్తేస్తామన్నారు. బస్తీవాళ్లు ఎనభై సంతకాలతో కాగితం ఇచ్చారు. శాఖ ఆగింది. అడిగినవాళ్లు ఉంటే పైవాళ్లకు తీసేయడం కష్టం.

మీకు చెప్పేది ఒక్కటే. చదువు మధ్యలో విసుగొచ్చినప్పుడు ఫోను తీయకుండా పుస్తకాల విభాగంలోకి వెళ్లండి. పుస్తకాలకు విషయాన్ని బట్టి నెంబర్లు వేసే మా పద్ధతిలో తెలుగు సాహిత్యం నెంబరు 894.827, ఆ వరసలో నిలబడితే కథలూ కవితలూ అన్నీ అక్కడే. తీసుకెళ్లేందుకు డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకోవాలి, మానేసినప్పుడు ఆ డబ్బు తిరిగిస్తారు. పుస్తకం ఇంటికి తీసుకెళ్లకపోయినా ఫరవాలేదు. బల్ల మీద చదివి అక్కడే వదిలేయండి, బీరువాలో మీరే పెట్టకండి. సిబ్బంది వాటిని లెక్క రాసుకుంటారు. కొత్త పుస్తకాలు కొనేటప్పుడు ఏవి కదులుతున్నాయో ఆ లెక్కే చూస్తారు.

అశోక్‌నగర్_అమ్మాయి:

సార్, ఇవాళ భోజనం అయ్యాక పుస్తకాల విభాగంలోకి వెళ్లాను. రెండేళ్లలో మొదటిసారి. 894.827 ఎక్కడుందని అడిగితే అక్కడున్న మేడం "నెంబరు నీకెవరు చెప్పారమ్మా" అని నవ్వి తనే తీసుకెళ్లి చూపించారు. ఒక కథల సంపుటి తీసి అరగంట చదివాను. మీరు చెప్పినట్టే బల్ల మీద వదిలేశాను.

వచ్చే ఆదివారం మా రూములో ముగ్గురం సుల్తాన్‌బజార్ వెళ్తున్నాం. పోయినసారి బయటి నుంచే చూసి వచ్చేశాను. లోపలికి ఎవరైనా వెళ్లవచ్చా?

పాత_లైబ్రేరియన్:

తప్పకుండా వెళ్లవచ్చు. కానీ ఆదివారం తెరిచి ఉంటుందో లేదో ముందురోజే కనుక్కుని వెళ్లండి, అంత దూరం వచ్చి తలుపు మూసి ఉంటే నాకు బాధగా ఉంటుంది. లోపల పాత పత్రికలు చూడాలంటే అక్కడున్నవారిని అడగండి, మీరే బీరువా తీయకండి, ఆ కాగితం పట్టుకుంటే పొడి అవుతుంది. పేజీ తిప్పేటప్పుడు కింది మూల నుంచి కాకుండా పై మూల నుంచి తిప్పండి. వచ్చినవాళ్లు సంతకం చేసే పుస్తకం ఉంటే ముగ్గురూ పేర్లు తెలుగులో రాయండి.